పప్పు తొందరగా ఉడికే నీళ్లు

మేము కొన్న ఎకరం పది గుంటల కాగితాలు చూడటానికి వకీలుకు రెండు రోజులు పట్టింది. ఆ భూమిలో నీళ్లు చూడటానికి నాకు ఆరు వారాలు పట్టింది. మా ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు ఈ లెక్క చెప్పి నవ్వుతారు. నవ్వనీ. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని. ఎంత నమ్మకస్తుడు ఇచ్చిన కట్టయినా లెక్కపెట్టకుండా సొరుగులో వేసింది లేదు.

ఉండేది వనస్థలిపురం. పిల్లలు దూరంగా ఉన్నారు. రిటైరయ్యాక ఈయనకు భూమి పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే సాగర్ రోడ్డే. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, అక్కడి నుంచి లోపలికి. చూసిన ప్రతిచోటా ఒకటే తంతు. మేము కారు దిగుతాం, ఎవరో ఒకరు పరుగున వెళ్లి స్టార్టర్ నొక్కుతారు, పైపులోంచి నీళ్లు ధారగా దూకుతాయి. "చూడుండ్రి సారూ, రెండు ఇంచుల నీళ్లు!" ఈయన మొహం చాటంత అవుతుంది. దోసిలి పట్టి ఒక గుక్క తాగి, "తియ్యగా ఉన్నాయోయ్" అంటారు. అయిపోయింది, నీళ్ల పరీక్ష.

కడ్తాల్ వైపు ఒక పొలంలో ఇలాగే అడ్వాన్సు ఇచ్చేదాకా వెళ్లాం. సర్వేయర్ వచ్చి గొలుసు లాగితే బోరు పక్కాయన సర్వే నంబర్లో తేలింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నేల రెండు ముక్కలైంది, బోరు ఒక ముక్కలో మిగిలింది. ఇన్నాళ్లూ వంతులేసుకుని పారించుకున్నారు. మనం కొన్నాక ఆ వంతు మనకు ఇస్తారని రాసిపెట్టిన కాగితం ఎక్కడుంది? అక్కడి నుంచి లేచి వచ్చేశాం. ఆ రోజు నుంచి నీళ్ల సంగతి నేను చూస్తానని చెప్పాను.

తర్వాత దొరికిందే ఈ ఎకరం పది గుంటలు. ఊరి పేరు రాయను, రంగారెడ్డి, నల్లగొండ జిల్లాలు కలిసేచోట అనుకోండి. అమ్మే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఉన్న మూడున్నర ఎకరాల్లో ఈ ముక్క అమ్మి కూతురి ఆపరేషన్ అప్పు తీర్చాలని ఆయన ఆలోచన. పొలం దగ్గరే ఇల్లు. భార్య, కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవడు. బోరు మేం కొనే ముక్కలోనే ఉంది, ఇంటికి నీళ్లూ దాని నుంచే. మిగిలిన పొలానికి వేరే బోరు ఉంది కానీ అది ఎండాకాలంలో ఆగి ఆగి పోస్తుంది.

మేము మే నెలలో వెళ్లాం. కావాలనే. నవంబరులో ఏ బోరైనా రాజాలాగే పోస్తుంది. వానలు పడి, కుంటలు నిండి, నీటిమట్టం పైకి వచ్చి ఉంటుంది. మే చివర్లో ఎంత పోస్తుందో అదే ఆ బోరు అసలు తాకత్తు. ఇంకో సంగతి కూడా ఉంది. రెండు రోజులు ఆపి ఉంచిన బోరు మొదటి పావుగంట ఎవరినైనా మోసం చేస్తుంది. గొట్టంలో నిలబడిన నీళ్లు, చుట్టుపక్కల పగుళ్లలో చేరినవి, అన్నీ ఒక్కసారిగా వస్తాయి. మనది రాతినేల. భూమి లోపల చెరువు లాంటిదేదీ ఉండదు. పైన మొరం, కింద గ్రానైట్, ఆ గ్రానైట్‌లో ఎక్కడో ఒక పగులు. ఆ పగులు ఎంత ఇస్తే అంతే. కాబట్టి చూడాల్సింది మొదటి పావుగంట కాదు, మూడో గంట.

నీలం రంగు డ్రమ్ము ఒకటి పెట్టించాను, రెండు వందల లీటర్లది. ఫోన్లో స్టాప్‌వాచ్. మనవడు నా పక్కన నిలబడి "స్టార్ట్!" అని అరవడం తన డ్యూటీ చేసుకున్నాడు. మొదటి డ్రమ్ము నిమిషం ముప్పై ఐదు సెకన్లలో నిండింది. నలభై నిమిషాల తర్వాత రెండు నిమిషాల యాభై సెకన్లు. మూడు గంటలయ్యాక మూడు నిమిషాల నలభై. అక్కడి నుంచి ఇంకో గంట పోసినా అంతే ఉంది, తగ్గలేదు. అది నాకు నచ్చింది. గంటకు సుమారు 3,270 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలవాలంటే 4,047 లీటర్లు కావాలి. కూరగాయలకు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు వేసుకున్నా, డ్రిప్పు పెట్టి ఆరు గంటలు నడిపితే ఎకరానికి దాదాపు సరిపోతుంది. వరి కలలు కనొద్దని ఈయనకు అక్కడే చెప్పాను.

నాలుగు గంటలు వేరేవాళ్ల పొలంలో కూర్చుంటే టీలు, ముచ్చట్లు, చింతచెట్టు నీడ అన్నీ దొరుకుతాయి. ఈ మధ్యలోనే పెద్దమ్మ, అంటే ఆయన భార్య, నా పక్కన చాట పట్టుకుని కూర్చుని చెప్పింది. "గీ నీళ్లల్ల పప్పు పెడితె రెండు పొంగులకే మెత్తగైతది చెల్లె. ఊళ్లె బాయి నీళ్లల్ల పొద్దుందాక ఉడికినా పలుకే. సబ్బు పెడితె నురుగు సూడు, పోనే పోదు." ఈయన జేబులోంచి టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపించేది, తీశారు. ఆర్‌ఓ మిషన్ రిపేరుకు వచ్చినాయన దగ్గర కొన్నది. 470 చూపించింది. "ఐదు వందల లోపు. ఇంకేం కావాలి నీకు?" అన్నారు.

డ్రమ్ము మళ్లీ నిండింది. పిల్లాడు గెంతుతూ నవ్వాడు. పైపళ్ల మీద అడ్డంగా గోధుమ రంగు చారలు. తోముకోడు కాబోలు అనుకున్నాను. అప్పుడు అంతే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

బోరు లోతు ఎంత అని అడిగితే పెద్దాయన ఐదు వందలన్నాడు, కొడుకు నాలుగు వందల ఎనభై అన్నాడు. వేసి పదకొండేళ్లయింది, రిగ్గు లారీవాడు ఇచ్చిన చీటీ ఎలుకలు కొట్టేశాయి. ఇక్కడ ఒక మాట. బోరు జాతకం కావాలంటే ఓనర్‌ని కాదు, ఆ ఊళ్లో మోటర్లు దించే మెకానిక్‌ని అడగాలి. సాయంత్రం అతని కొట్టు ముందు ఆగాం. కళ్లు మూసుకుని చెప్పినట్టు చెప్పాడు. ఇరవై అడుగుల పైపులు ఇరవై రెండు దించాడట, అంటే మోటర్ నాలుగు వందల నలభైలో ఉంది. కేసింగ్, అంటే పైమట్టి కూలకుండా దించే గొట్టం, నలభై అడుగులు. "నిరుడు రొండుసార్లు వైండింగ్ కాలింది మేడమ్. నీళ్లు కిందికి పోయినా ఆటో స్టార్టర్ పెట్టి ఇడిసిపెడ్తరు, మోటర్ ఉత్తగ తిరిగి కాలుతది." రాష్ట్రంలో వ్యవసాయానికి 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. బిల్లు రానప్పుడు ఆపాలని ఎవరికి గుర్తుంటుంది? డ్రై రన్ కాకుండా ప్యానెల్ పెట్టించుకొమ్మని అతనే సలహా ఇచ్చాడు. టీ తాగించి వచ్చాం.

పొలంలో ఫెయిలయిన బోర్లు రెండున్నాయి. ఒకదాని మీద బండరాయి, ఇంకోదాని మీద చిరిగిన యూరియా సంచి. ఆ సంచి చూశాక నా కాళ్లు వణికాయి. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడెంలో పసిపాప బోరుగుంతలో పడిన సంగతి మన ఊళ్లలో ఎవరు మరిచిపోతారు? ఈ రెండూ మట్టితో పూడ్చి మూసేశాకే అగ్రిమెంట్ మీద సంతకం అన్నాను. వారంలో పూడ్చేశారు.

"ఇది ఎండిపోతే ఇంకోటి వేసుకుందాంలే" అనేవాళ్లకు ఒక ముక్క. 2002 నాటి వాల్టా, అంటే నీళ్లు, భూమి, చెట్ల రక్షణ చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఊరికి తాగునీళ్లిచ్చే బోరుకో బావికో 250 మీటర్లలోపు వేయనివ్వరు. అనుమతి వచ్చినా నీళ్లు పడతాయని ఎవరూ హామీ ఇవ్వరు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింట్ చూసినాయన చూపించిన చోట్లే ఆ రెండు ఫెయిలయిన బోర్లూ వేశారని పెద్దాయనే చెప్పాడు. మూడోది మాత్రం మిషన్ పెట్టి చూసే జియాలజిస్టును పిలిచి వేయించాడట. నీళ్లు పడ్డాయి. కొబ్బరికాయాయన మాత్రం అది తన పాయింటుకు పది అడుగుల దూరమే అని ఇప్పటికీ చెప్పుకుంటాడట!

ఇక ల్యాబు. మొదటిసారి నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గు. కూల్‌డ్రింక్ సీసా కడిగి, నీళ్లు పట్టి, రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, మూడో రోజు తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి నా మనవడి వయసువాడు, "మేడమ్, ఇందులో బ్యాక్టీరియా చూస్తే మీ బోరుదో, మీ సీసాదో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నిజమే కదా. కెమికల్ పరీక్షలకు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ డబ్బా చాలన్నాడు, ఫ్లోరైడ్‌కు గాజుకన్నా ప్లాస్టిక్కే మేలట. మోటర్ పది పదిహేను నిమిషాలు పోశాక, అదే నీళ్లతో డబ్బా మూడుసార్లు తొలిపి నింపాలి. బ్యాక్టీరియాకు మాత్రం వాళ్లే స్టెరైల్ చేసిన సీసా ఇచ్చారు. మూత లోపల వేలు తగలకూడదు, దాన్ని తొలపకూడదు, పైపు మూతిని స్పిరిట్‌తో తుడిచి పట్టాలి, ఐసులో పెట్టి ఆరు గంటల్లో చేర్చాలి. నీళ్లు పట్టుకునే ముందు వాసన చూడమన్నాడు. బ్లీచింగ్ వాసన వస్తుంటే ఆ రోజు శాంపిల్ తీసి లాభం లేదు. అమ్మేవాళ్లు ముందురోజు పౌడర్ వేసిన కేసులు వాళ్లకు కొత్త కాదట.

అలా ఒక మంగళవారం థర్మోకోల్ పెట్టెలో ఐసు, మధ్యలో సీసా, నా ఒళ్లో పెట్టె. ఇబ్రహీంపట్నం దగ్గర ట్రాఫిక్ ఆగింది. పక్క బైకు కుర్రాడు "ఐస్‌క్రీమా ఆంటీ?" అని అడిగాడు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు, అంటే పరీక్షలు సరిగ్గా చేస్తారని ల్యాబులకిచ్చే జాతీయ గుర్తింపు, ఉందో లేదో ముందే చూసుకున్నాను. రిపోర్టులో ఒక పక్క మన ఫలితం, ఇంకో పక్క ఐఎస్ 10500 అనే తాగునీటి ప్రమాణంలోని హద్దులు. టీడీఎస్ 486. పీహెచ్ 8.1. కాఠిన్యం 130, హద్దు 200. మా ఆయన అక్కడిదాకా చదివి "ఫస్ట్ క్లాస్" అన్నారు. నా వేలు కిందికి జరిగింది. నైట్రేట్ 58, హద్దు 45. కోలిఫాం, అంటే పెంటో మురుగో కలిసిందనడానికి గుర్తయిన బ్యాక్టీరియా, ఉంది. ఫ్లోరైడ్ 2.4. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే దిక్కే లేనప్పుడు ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవాలి.

నేను కాసేపు మాట్లాడలేదు. పిల్లాడి పళ్ల మీది చారలు కళ్ల ముందుకొచ్చాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే పడే చారలవి.

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు పేర్లు మనకు తెలియనివా? ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఎన్నిసార్లు టీవీలో చూడలేదు? నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగడం గురించి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1970ల్లోనే రాశారు. కానీ నేను దాన్ని జిల్లా సరిహద్దు అవతలి కథ అనుకున్నాను. రాయికి జిల్లా ఏం తెలుసు!

అన్నిటికన్నా నన్ను కుదిపింది కాఠిన్యం దగ్గరి ఆ 130. ల్యాబులో ఓపికగా చెప్పిన కెమిస్ట్ ఒకావిడ ఉంది. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది కొంచెం కొంచెం దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని గడ్డకట్టిస్తుంది, నీళ్లలో మిగిలేది తగ్గుతుంది. కాల్షియం తక్కువగా ఉన్న మెత్తటి నీళ్లలో దాన్ని ఆపేది లేదు. ఆ మెత్తటి నీళ్లలోనే పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగొస్తుంది, నాలుకకు తియ్యగా ఉంటుంది. పెద్దమ్మ గొప్పగా చెప్పిన గుర్తులన్నీ నిజమే. మా అమ్మ కూడా నీళ్ల మంచీచెడ్డా అలాగే చెప్పేది. ఫ్లోరైడ్‌కు రుచి, రంగు, వాసన ఏవీ లేవు. టీడీఎస్ పెన్ను మొత్తం కరిగిన ఉప్పులెంతో చెబుతుంది కానీ అందులో ఏ ఉప్పు ఎంతో చెప్పదు. కాచితే పోతుందా అని అడిగాను. పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

ఆ రాత్రి ఇంట్లో గొడవ. పంటలకు ఈ నీళ్లతో భయం లేదు, కొందాం అన్నది ఇద్దరి మాటా. కానీ ఈయన, "ముందు ఈ రిపోర్టు చూపించి రేటు తగ్గిద్దాం. గుంటకు ఎంతో కొంత దిగుతాడు" అన్నారు. నాకు మండింది. ఆ ఇంట్లో ఐదుగురు రోజూ ఆ నీళ్లు తాగుతున్నారు. పళ్లు తయారయ్యే వయసులో పిల్లాడున్నాడు. వచ్చిన చారలు ఎలాగూ పోవు, చిగుళ్లలో ఇంకా ఉన్న పళ్లనైనా కాపాడుకోవాలి కదా. రేటు తేలేదాకా నేను నోరు మూసుకోవాలా? పొద్దున్నే కోడలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆదివారం వెళ్లేసరికి పెద్దాయన మొహం ముడుచుకుని మంచంలో కూర్చున్నాడు. రిపోర్టు జిరాక్స్ చేతికిస్తే చూడనైనా చూడలేదు. "రేటు తగ్గియ్యనీకే గదా అమ్మా గీ కాయితం? మా నాయిన తాగిండు, నేను తాగిన. ఏమైంది మాకు?" ఇది నేను ఊహించలేదు. నేను మంచి చేస్తున్నాననుకుంటుంటే ఆయనకు అది బేరగాళ్ల కొత్త ఎత్తు. తప్పు ఆయనది కాదు. ఆయన దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక వంక పెట్టి తగ్గించమన్నవాడే. దారి లేదన్నారు, వాస్తు లేదన్నారు, కరెంటు స్తంభం అడ్డమన్నారు. నీళ్లు విషమన్నది మేమేనట, మొదటిసారి.

"అన్నా, అనుకున్న రేటుకు ఒక్క రూపాయి తగ్గించను. ఈ కాగితం బేరానికి కాదు" అన్నాను. నా పక్కన మా ఆయన దగ్గారు. తిరుగు ప్రయాణంలో బీఎన్ రెడ్డి నగర్ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

పెద్దాయన నమ్మాడో లేదో తెలియదు. కోడలు మాత్రం నమ్మింది. పిల్లాడి నోరు తెరిపించి నాకు చూపించి, "బడిల ఇంక ముగ్గురికి గిట్లనే ఉన్నయ్ ఆంటీ" అంది. ఊళ్లోకి మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తాయి, కానీ పైపు ఊరి ఇళ్లదాకే, పొలం ఇంటికి రాదు. కిలోమీటరు దూరం. బోరు తియ్యగా ఉండగా మోసుకొచ్చే పని ఎందుకని ఇన్నాళ్లూ ఎవరూ తేలేదు. మర్నాటి నుంచి కొడుకు ఎక్సెల్ బండికి రెండు క్యాన్లు కట్టుకుని తెస్తున్నాడు.

కోలిఫాం సంగతి తేలిగ్గానే తేలింది. బోరు మూతి నేలకు సమానంగా ఉంది, పైన గోనెసంచి చుట్టారు, పది అడుగుల్లో ఎడ్లు కట్టేసే చోటు, ఇంకాస్త దూరంలో పెంట కుప్ప. వాన పడితే అంతా అటే పారుతుంది. కేసింగ్ రెండడుగులు పైకి లేపించి, చుట్టూ సిమెంటు గద్దె కట్టించి, మూత బిగించి, బ్లీచింగ్ వేసి, వాసన పూర్తిగా పోయాక వారం ఆగి మళ్లీ శాంపిల్ తీశాం. కోలిఫాం లేదు. పెంట కుప్ప దూరం జరిపారు, కానీ నైట్రేట్ ఇప్పట్లో దిగదు, నేలలోకి ఇంకింది ఇంకిందే. మేము వెళ్లినప్పుడు మా క్యాన్ మేమే ఇంటి నుంచి తీసుకెళ్తాం.

అగ్రిమెంటులో బోరు, మోటర్, స్టార్టర్, నేలలో ఉన్న పైపులైను, కరెంటు సర్వీసు నంబరు, అన్నీ విడివిడిగా రాయించాను. పెద్దాయన ఇంటికి బోరు నీళ్లు వాడుకోవచ్చని కూడా రాయించాను. ఇది ఈయనకు నచ్చలేదు, తర్వాత తగాదాలొస్తాయన్నారు. గిన్నెలు కడగడానికి, పశువులకు వాళ్లేం చేయాలి మరి? జూలైలో తహసీల్దారు ఆఫీసులో స్లాటు దొరికింది. భూముల రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూ భారతి వచ్చిన కొత్త. వేలిముద్రలు, ఫొటోలు, హద్దులు, సాక్షులు అన్నీ అడిగారు. నీళ్ల గురించి ఒక్క ప్రశ్న లేదు.

పెద్దమ్మతో మాత్రం ఇంకా తేలలేదు. తాగడానికి క్యాన్ నీళ్లు ఒప్పుకుంది కానీ పప్పు మాత్రం బోరు నీళ్లలోనే వేయాలంటుంది. పప్పులోకి చేరేది కూడా కడుపులోకే కదా అంటే, "నల్లా నీళ్లల్ల పప్పు ఉడుకుతదా ఏడన్నా?" అంటుంది. పోయిన నెల వెళ్లినప్పుడు మాకు అక్కడే భోజనం. ముద్దపప్పు, పచ్చిపులుసు, గోంగూర. పెద్దమ్మ నా కంచంలో ఇంకో గరిటె వేస్తూ, "సూసినవా చెల్లె, గీ బోరు నీళ్ల పప్పు ఎట్లున్నదో" అంది. కోడలు పొయ్యి దగ్గర నుంచి నాకేసి చూసి, ఖాళీ అయిన క్యాన్‌ను మెల్లగా తలుపు వెనక్కి నెట్టింది.